పదకొండేళ్ళ గిన్నె

ఉగాదికి 41 రోజులు

ఈ గిన్నెల పుస్తకంలో లెక్కలు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. పంతొమ్మిదేళ్ళు అలాగే రాశాను. ఈ రోజు నుంచి నా ఇష్టం వచ్చింది రాస్తాను. ఎవరికైనా కష్టంగా ఉంటే వచ్చి నా బదులు ఈ గదిలో నిలబడమనండి, వెంటనే తాళంచెవి ఇచ్చేస్తాను.

నా పేరు సుంకులమ్మ. పైడిమెట్ట గనిలో మూడో సొరంగం చివరనున్న తోడుగిన్నెల గది నా పని చోటు. ఇక్కడ నాలుగు వందల పన్నెండు గాజుగిన్నెలు ఉన్నాయి, ఒక్కోటి అరచేతిలో ఇమిడేంత. గనిలో మనిషికొక గిన్నె. ప్రతి మనిషి ఒంట్లోంచి ఒక్కసారి కణాలు తీసి మంచుపెట్టెలో దాచాం. వాటిలో చిటికెడు తెచ్చి గిన్నెలో వేస్తే ఆ మనిషి కాలేయపు కణాలుగా పెరుగుతాయి. మేం తాగే తొట్టి నీళ్ళే వాటికీ పోస్తాను. మేం తాగే జావే వడకట్టి వాటికీ పెడతాను. మనిషికి లోపల ఏం జరుగుతోందో గిన్నెలో కనబడుతుందని అందరి నమ్మకం.

పొద్దున్నే ఒక్కో గిన్నెలో ఒక కాగితపు పుల్ల ముంచుతాను. కణం గోడ చిరిగితే లోపలిది బయటికి కారుతుంది, పుల్ల ఎర్రబడుతుంది. ఎంత ఎరుపో అంత నంబరు. నలభై దాటకపోతే పేరు పక్కన 'బాగుంది' అని రాస్తాను. గిన్నెలు వచ్చాక మనుషుల రక్తం తీసి చూడడం మానేశారు. పైనుంచి సూదులు రావడం కూడా తగ్గిపోయింది. ఉన్న నాలుగు సూదులూ కాన్పులకని దాచారు.

ఈ పొద్దు ఓబులేసు గిన్నె ఇరవై ఎనిమిది. బాగుంది. బాగాలేనిది ఓబులేసే. ఓబులేసు నా మొగుడు.

ఉగాదికి 38 రోజులు

ఓబులేసు నాలుగు రోజులుగా జావ ముట్టడం లేదు. నోట్లో ఇనుము నాకినట్టుందట. ఒళ్ళంతా దురద, గీరి గీరి చేతులు పుండ్లు చేసుకున్నాడు. చెంబు పట్టుకుంటే నీళ్ళు ఒలికేంత వణుకు. నిన్న చొక్కా విప్పినప్పుడు చూశాను, పొట్ట ముందుకొచ్చి భుజాలు ఎండిపోయాయి. కళ్ళలో తెలుపు తెల్లగా లేదు.

పంతొమ్మిదేళ్ళుగా అతను పాదరసం గదిలోనే పని చేస్తున్నాడు. పాత గని మట్టిని పొడి చేసి పాదరసంలో కలిపితే, మట్టిలో మిగిలిన బంగారాన్ని అది పట్టుకుంటుంది. ఆ ముద్దను పొయ్యి మీద కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. నాలుగు నెలలకోసారి పైనుంచి బండి వచ్చి ఆ బంగారం తీసుకుని గాలి జల్లెడలు దించిపోతుంది. జల్లెడలు లేకపోతే ఈ లోతులో గాలి అందదు. పైకి పోదామంటే పొద్దున ఎనిమిది దాటాక ఎండకు నేల మీద కాలు పెట్టలేం. పొయ్యి ఆవిరిని నీళ్ళ గొట్టాలతో చల్లారుస్తారు. ఆ నీళ్ళు మళ్ళీ తొట్టిలోకే వస్తాయి. గనిలో చుక్క నీరు పారబోయరు. నీటి పరీక్షలో పాదరసం ఎప్పుడూ హద్దు లోపలే ఉంది.

డాక్టరు చంద్రకళ దగ్గరికి పోదాం పద అంటే ఓబులేసు వినలేదు. ఒంట్లో ఏమీ లేదట, వయసు మీదపడిందట. యాభై ఏళ్ళకే ఏం వయసని నాకు ఒళ్ళు మండింది. అరిచాను.

“నువ్వే గదా మే రాసేది, బాగుందని,” అన్నాడు. “గిన్నె బాగుంటే నేను బాగున్నట్లే.”

నా చేతిరాతే నా నోరు మూయించింది.

ఉగాదికి 37 రోజులు

ఒంటరిగా పోయి చంద్రకళను అడిగాను. గిన్నె నంబరు ఇరవై ఎనిమిది ఉన్నవాణ్ణి పని మాన్పించే అధికారం తనకు లేదంది. నలభై దాటితే తీసుకురమ్మంది. మంచి పిల్లే. మా గనిలోనే పుట్టి, ఇక్కడి పుస్తకాలే చదివి డాక్టరైంది. గిన్నె అబద్ధం చెబుతుందని ఆ పుస్తకాల్లో లేదు.

ఉగాదికి 33 రోజులు

ఉగాది పనులు మొదలయ్యాయి. గనిలో ఇంతకు మించిన పండగ లేదు. ఆ పొద్దున నాలుగు వందల పన్నెండు గిన్నెలూ ఒలకబోసి, సలసల కాగే నీళ్ళలో మరిగించి, మంచుపెట్టెలోంచి కొత్త కణాలు వేస్తాం. ఆడవాళ్ళు వచ్చి గిన్నెలకు పసుపు బొట్లు పెడతారు. పాత ఏటి చెడంతా పోయిందని ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటారు. ఎప్పుడో గిన్నెలకు బూజు పట్టి సగం చచ్చిపోతే డాక్టర్లు పెట్టిన పద్ధతి ఇది. బూజు పోయి చాలా కాలమైంది, పద్ధతి మాత్రం ఉండిపోయింది.

గిన్నెలు లెక్కబెట్టి కాగులు తోముతూ ఉండగా నా చేతులు ఆగిపోయాయి.

ఇక దాచి లాభం లేదు. ఈ గదిలో గిన్నెలు నాలుగు వందల పన్నెండు కాదు, నాలుగు వందల పదమూడు.

నా కూతురు నీలవేణి ఆరేళ్ళప్పుడు నాలుగో సొరంగంలో కప్పు రాయి పడి పోయింది. పోయిన మనిషి గిన్నెను ఆ రోజే మరిగించాలి. నాకు చేతులు రాలేదు. బిడ్డను పైకి తీసుకుపోయి మట్టి చేసి వచ్చాక, దాని గిన్నె మాత్రం బతికే ఉంది. గోరంత తునక, వెచ్చగా ఉంది, ఆకలేస్తే మసకబారుతుంది, జావ పోస్తే తేటబడుతుంది. దాన్ని మరిగే నీళ్ళలో ఎట్లా వేసేది? గిన్నెలను వెచ్చగా ఉంచే ఆవిరిపెట్టె వెనక దాచాను. పదకొండు ఉగాదులు దాటాయి. రోజూ అందరికంటే ముందు దానికి పెట్టి, తర్వాతే మిగతావాళ్ళకు పెడతాను. ఓబులేసుకు కూడా చెప్పలేదు.

దానికి ఎప్పుడూ పుల్ల ముంచలేదు. చనిపోయిన బిడ్డకు నంబరెందుకని.

ఈ రోజు ముంచాను. నూట ముప్పై ఆరు.

ఉగాదికి 32 రోజులు

నిన్నటి పుల్ల పాడైందేమోనని ఇంకోటి ముంచాను. నూట ముప్పై తొమ్మిది.

కణాలను పెద్దగా చూపే గాజు కింద పెట్టి చూశాను. బాగున్న కాలేయపు కణాలు దానిమ్మ గింజల్లా ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. నీలవేణి గిన్నెలో వరసలు విడిపోయాయి. కణాల నిండా కొవ్వు చుక్కలు. కొన్ని ఉబ్బిపోయాయి, కొన్ని పగిలి ఉత్త తోలు మిగిలింది. మధ్య మధ్య నల్లటి రవ్వలు. చాలాసేపు ఏడ్చాను. బిడ్డ రెండోసారి పోతోందని ఏడ్చాను, ఇందులో సిగ్గేం లేదు.

ఏడుపు ఆగాక బుర్ర పని చేసింది. ఆ గిన్నె తాగింది వేరే నీళ్ళు కాదు. తిన్నది వేరే జావ కాదు. తక్కిన గిన్నెలకూ దీనికీ తేడా ఒకటే, దీన్ని నేను మరిగించలేదు.

ఓబులేసు గిన్నె వయసు పది నెలల ఇరవై ఎనిమిది రోజులు. ఓబులేసు ఆ నీళ్ళు తాగుతున్నది పంతొమ్మిదేళ్ళుగా. ప్రతి ఉగాదికీ నేను గిన్నెను కొత్తది చేశాను, మనిషిని చేయలేదు. ఏడాది బిడ్డ లాంటి కణాలను చూసి, యాభై ఏళ్ళవాడి పేరు పక్కన బాగుంది, బాగుంది, బాగుంది అని రాసుకుంటూ పోయాను. ఆ మాట పట్టుకునే అతను రోజూ ఆ గదిలోకి పోయాడు. నా చేతులు నరుక్కోవాలనిపించింది.

ఉగాదికి 31 రోజులు

గిన్నెను కొంగు కింద పెట్టుకుని చంద్రకళ దగ్గరికి పోయాను. నియమం తప్పినందుకు గది తాళం లాక్కుంటారని తెలుసు. లాక్కోనీ.

ఆమె కోప్పడలేదు. గాజులోంచి చూసింది. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. పాదరసానికి గంధకమంటే మహా ఆశట, ఎక్కడ కనబడితే అక్కడ అంటుకుంటుంది. కాలేయపు కణాల్లో విషాలను పట్టి బయటికి గెంటే కాపలా పదార్థం ఒకటి ఉంటుంది, అందులో గంధకం ఉంది. పాదరసం కొంచెం కొంచెంగా వచ్చినప్పుడు ఆ కాపలా ఎదురెళ్ళి దాన్ని పట్టుకుని తనూ పోతుంది. కణం మళ్ళీ తయారు చేసుకుంటుంది. మొదటి ఏడాది ఆ పని సులువుగా జరిగిపోతుంది, అందుకే నంబరు పెరగదు. ఏళ్ళు గడిచేకొద్దీ చేసుకునే శక్తి తగ్గుతుంది. ఆ తర్వాత కణానికి బలమిచ్చే లోపలి పొయ్యిలు చెడతాయి, కొవ్వు కాలక పేరుకుంటుంది, గోడలు కుళ్ళి చిరుగుతాయి. విషం మోతాదు పెరగనక్కర లేదు. ఎదురు నిలిచేవాళ్ళు అయిపోతే చాలు.

“గిన్నె నీళ్ళు మాత్రమే తాగింది,” అంది చంద్రకళ. “ఓబులేసు మామ ఆవిరి గూడా పీలుస్తాండాడు.”

పెద్దలు దీన్ని ఒప్పుకోరని కూడా ఆమే చెప్పింది. పదకొండేళ్ళ గిన్నె ముసలిదై చెడిపోయిందంటారు. పాదరసమేనని చూపించాలంటే కణాలను ఆమ్లంలో కరిగించి రాగి తీగ ముంచాలి. పాదరసం ఉంటే తీగ తెల్లబడుతుంది. కరిగించాలంటే ఈ గోరంత తునక మొత్తం కావాలి. కొంచెం మిగిల్చే వీలు లేదు.

రేపు చెబుతానని గిన్నె తీసుకుని వచ్చేశాను.

ఉగాదికి 29 రోజులు

నిన్న ఓబులేసుకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. గిన్నె అడిగి తీసుకుని, వణికే చేతిలోంచి జారుతుందని భయపడి, నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పదకొండేళ్ళు తనకెందుకు చూపలేదని అడిగాడు.

ఈ పొద్దు దానికి చివరి జావ నేనే పోశాను. చంద్రకళ కరిగించింది. రాగి తీగ వెండి తీగ లాగా తెల్లబడింది. పక్కనే కణాలు నిండుగా ఉన్న ఓబులేసు ఏడాది గిన్నెలోంచి అంతే తునక తీసి, కరిగించి ఇంకో తీగ ముంచింది. అది ఎర్రగానే ఉంది.

గిన్నె కడిగి బోర్లించాను. ఆవిరిపెట్టె వెనక ఆ చోటు వంక చూడకుండా పని చేసుకోవడం ఇంకా రాలేదు.

ఉగాదికి 27 రోజులు

చంద్రకళ కాన్పుల సూదుల్లో ఒకటి బయటికి తీసి ఓబులేసు రక్తం చూసింది. గిన్నె ముప్పై. రక్తం రెండు వందల తొంభై నాలుగు.

కాలేయం గట్టిపడిందట. కానీ అది మొండి అవయవమట, నాలుగో వంతు మిగిలినా మనిషిని ఈడుస్తుందట. ఇప్పుడే ఆ గది మాన్పించి, మంచి నీళ్ళిచ్చి కూర్చోబెడితే ఐదారేళ్ళు బతకవచ్చు. మళ్ళీ ఆవిరి పీలిస్తే ఈ ఎండాకాలం దాటడు. ఇంత స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ నాకేదీ చెప్పలేదు. ఐదారేళ్ళు. నాకది చాలు, ఎవరి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

ఉగాదికి 19 రోజులు

గని పెద్ద కుళ్ళాయప్ప రెండు తీగలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చూసి చూసి, తన అన్న ఇట్లాగే పొట్ట ఉబ్బి పోయాడని, అప్పుడు గిన్నె బాగుందంటే గుండె జబ్బు అనుకున్నామని అన్నాడు. ఆ 'బాగుంది' రాసింది నేనే. ఆయన గుర్తు చేయలేదు, నాకు గుర్తుంది.

ఈ రోజే మూడు హుకుములు ఇచ్చాడు. పాదరసం గది నీళ్ళు ఇక తొట్టిలోకి రాకూడదు, వేరే గుంతలోకి పోవాలి. పాత తొట్టి ఖాళీ చేసి లోతు బావి నీళ్ళు నింపాలి, మనిషికి సగం చెంబు తగ్గినా సరే. ఓబులేసుతో సహా ఆ గదిలోని ఎనిమిది మందీ పని మానాలి, గది మూసేయాలి.

ఇంటికొచ్చి చెబితే ఓబులేసు రెండు గుటకలు జావ తాగాడు. నాకు కడుపు నిండింది.

ఉగాదికి 6 రోజులు

గది మూసి పదమూడు రోజులైంది. గాలి జల్లెడలు రెండు మసిపట్టి ఆగిపోయాయి. ఐదో సొరంగంలో పసిపిల్లలకు ఆయాసం మొదలైంది. వచ్చే బండికి బంగారం లేకపోతే కొత్త జల్లెడలు దించరు.

ఈ రోజు అందరూ వంటశాలలో కూర్చున్నారు. గది తెరవక తప్పదన్నారు. ఎవరు పోవాలన్నది ప్రశ్న. అక్కడ పని చేసిన ఎనిమిది మందినీ మళ్ళీ పంపితే చంపినట్టేనని చంద్రకళ చెప్పింది. అప్పుడు కుళ్ళాయప్ప ఒక ఉపాయం చెప్పాడు. ఏడాది గిన్నె ఏడాది తట్టుకుంటోంది కదా. మనిషినీ ఏడాదే ఉంచి మారుద్దాం. ప్రతి ఉగాదికీ కొత్త ఎనిమిది మంది. అందరి మొహాలూ తేటబడ్డాయి. బెల్లం పంచుతారేమో అనిపించింది.

నాకు ఆగలేదు. లేచి నిలబడ్డాను.

“కొత్త మనిషి యాడుండాడప్పా? అందరమూ అవే నీళ్ళు తాగినోళ్ళమే కదా. ఎన్నేండ్లు తాగింటే అంత చెడింటాది.”

తెలివైన మాటన్నానని కూర్చున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో నెమ్మదిగా, అయితే తక్కువేండ్లు తాగినవాళ్ళు పోవాలి కదా అన్నారు.

పదిహేనేళ్ళ వాళ్ళ నుంచి మొదలు పెట్టాలని తేల్చారు. నా నోరు పడిపోను. పుట్టిన తేదీలన్నీ గిన్నెల పుస్తకంలో ఉన్నాయి కాబట్టి జాబితా నన్నే రాయమన్నారు. కుళ్ళాయప్ప మనవరాలు చౌడేశ్వరికి మొన్ననే పదిహేను నిండాయి. ఆయన ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ ఒప్పుకున్నాడు.

ఉగాదికి 2 రోజులు

రాశాను. ఎనిమిది పేర్లు. అందరికీ పదిహేను నుంచి పదిహేడు. నా నీలవేణి ఉండి ఉంటే దానికి పదిహేడు, ఆ జాబితాలో దాని పేరు కూడా నా చేత్తోనే రాసేదాన్ని.

ఓబులేసు చదవమన్నాడు. వద్దన్నా వినలేదు. ఒక్కో పేరూ వింటూ, వాడు ఎవరి కొడుకు, ఆ పిల్ల ఎవరి కూతురు అని అడిగాడు. అన్నీ అయ్యాక గోడకు తల ఆనించుకున్నాడు.

“చెడిపోయిన కార్జం ఒకటి ఉండంగా, మంచివి ఎనిమిది చెడగొట్టేది ఏంది మే?” అన్నాడు.

అర్థం కానట్టు నటించాను. తర్వాత తిట్టాను. నీకోసం బిడ్డను కరిగించి ఇచ్చాను, ఐదేళ్ళు నాకు బాకీ ఉన్నావు అన్నాను. ఏడ్చాను, అన్నం మానేశాను, మాట్లాడడం మానేశాను. నేను చేయగలిగినవన్నీ చేశాను.

“అది నాకు తెల్దనుకుంటాండావా?” అని మాత్రం అన్నాడు. “నువ్వైనా ఇదే చేస్తావు.”

నిజమే. అందుకే ఇంకా కోపంగా ఉంది.

ఉగాది

గిన్నెలు మరిగించలేదు. కాగులు బోర్లించి, తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఈ నాలుగు వందల పన్నెండూ ఇక నుంచి మనుషులతో పాటే ముసలివవుతాయి, నంబరు ఎంత వస్తే అంత రాస్తాను, ఇష్టం లేనివాళ్ళు చూడొద్దు అన్నాను. పసుపు తెచ్చిన ఆడవాళ్ళు పాత గిన్నెలకే బొట్లు పెట్టి పోయారు.

ఉగాది మరుసటి రోజు

పొద్దున ఐదున్నరకు ఇద్దరం బయల్దేరాం. రెండు వందల అడుగులు నడవడానికి ఓబులేసు మూడు సార్లు కూర్చున్నాడు. చంద్రకళ దారిలో నిలబడి ఉంది. ఆపాలని వచ్చింది కానీ ఆపలేకపోయింది. ఓబులేసు ఒక్కడే పొయ్యి చూసుకుంటే బంగారం నాలుగో వంతే వస్తుంది, పసిపిల్లలున్న ఐదో సొరంగానికైనా జల్లెడలు దక్కుతాయి. అంతవరకూ లెక్క చూసుకునే ఉన్నాడు.

పాదరసం గది తలుపు దగ్గర ఎనిమిది మంది పిల్లలూ ముందే వచ్చి వరసగా నిలబడ్డారు. అందరూ తలస్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకున్నారు. వాళ్ళను చూసి ఓబులేసు, “ఇండ్లకు పోండి నాయనా,” అన్నాడు.

వాళ్ళు కదల్లేదు. కుళ్ళాయప్ప మనవరాలు, ఆ చౌడేశ్వరి, ముందుకొచ్చింది.

“మరి పని ఎవరు చేస్తారు మామా?”

“నేను.”

“నువ్వు చచ్చిపోతావంట కదా.”

“ఊ,” అన్నాడు ఓబులేసు. “నాకు ఎట్లా తప్పదులే పాపా. మీకు తప్పుతాది.”

ముసుగు తాడు ముడి వేసుకోబోయాడు. వేళ్ళు ఆగడం లేదు. నలభై రోజులు ఈ తలుపులోంచి అతన్ని బయటికి లాగడానికే బతికాను. ఇప్పుడు నేనే వెనక నిలబడి రెండు ముళ్ళు వేశాను, ఊడకుండా ఉండాలని మూడోది కూడా వేశాను. అతను నా తల మీద చెయ్యి పెట్టి లోపలికి పోయాడు.

ఆవిరి పిల్లల వైపు రాకూడదు. ఆ తలుపు రబ్బరు పాతది, భుజం ఆనించి గట్టిగా నెడితే గానీ పట్టదు. నెట్టాను.